చుక్క మాటున ఉన్నవి

వ్యాకరణం చదువుకున్నవారికి ‘లోపం’ అనే మాట తప్పును సూచించదు. పాణిని లోపానికి చెప్పిన అర్థం ‘అదర్శనం’, అంటే కనబడకపోవడం. లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు. ‘పుస్తకము’ మీద ‘లు’ చేరితే మువర్ణకం లోపించి ‘పుస్తకాలు’ అవుతుంది. ‘ము’ కంటికి ఆనదు గాని, దాని జాడ ముందున్న అచ్చు దీర్ఘం కావడంలో నిలిచే ఉంటుంది. ఈ ఒక్క సూక్ష్మం మనసుకు పట్టినవారికి యూనిక్స్ సంప్రదాయపు సంగణకాలలోని ‘కనబడని ఫైళ్లు’ అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. పట్టనివారు ఏమి పోగొట్టుకొంటారో చెప్పడానికే ఈ టపా.

బ్లాగ్మిత్రులలో లినక్సు వాడేవారు చాలామందే ఉన్నారు. వాడనివారు కూడా ‘మాకెందుకు’ అనుకోనక్కరలేదు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది లినక్సే. ఆపిల్ సంగణకాలది కూడా యూనిక్స్ వంశమే.

ముందుగా డైరెక్టరీ అంటే ఏమిటో చూద్దాం. మనం దానిని సంచి అనుకొంటాం, ఫైళ్లు దాని లోపల ఉన్నట్లు ఊహించుకొంటాం. తెరమీది బొమ్మ కూడా అట్టముక్క సంచిలాగానే ఉంటుంది. వాస్తవానికి అది ఒక పట్టిక. బడిలో హాజరు పట్టీ వంటిది, మా బొగ్గుబాయిల భాషలో మస్టర్ వంటిది. అందులో ఒక్కొక్క వరుసలో రెండే సంగతులు: ఒక పేరు, ఒక సంఖ్య. ఆ సంఖ్యను ఐనోడ్ సంఖ్య అంటారు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, ఎవరు చదవవచ్చు, డిస్కుమీద ఎక్కడెక్కడ ఉన్నది అనే వివరాలన్నీ ఆ ఐనోడ్‌లో ఉంటాయి. పేరు మాత్రం అందులో ఉండదు, పట్టికలోనే ఉంటుంది. 1970ల చివర బెల్ ప్రయోగశాలల నుంచి వెలువడిన ఏడవ కూర్పు యూనిక్స్‌లో ఒక్కొక్క వరుస సరిగ్గా 16 బైట్లు: రెండు బైట్లు సంఖ్యకు, 14 బైట్లు పేరుకు.

ఈ పట్టికలో మనం రాయకుండానే చేరే వరుసలు రెండున్నాయి. ఒకదాని పేరు ఒంటి చుక్క (.), రెండవదాని పేరు జంట చుక్కలు (..). ఇవి గుర్తులు కావు, సంక్షేపాలు కావు, నిజమైన పేర్లు. ఒంటి చుక్క ఆ డైరెక్టరీ సొంత సంఖ్యను చూపుతుంది. జంట చుక్కలు దాని పైనున్న డైరెక్టరీ సంఖ్యను చూపుతాయి. ఒకటి ‘నేను’, రెండవది ‘నన్ను కన్నది’ అన్నమాట. తొలినాళ్లలో ఈ రెండు వరుసలను రాయడం కూడా విడివిడి పనులే: ఖాళీ పట్టికను సృష్టించడం, అందులో ఒంటి చుక్కను కట్టడం, ఆపై జంట చుక్కలను కట్టడం. ఈ మూడూ కలిసి కెర్నెల్ చేసే ఒకే క్రియ కావడం 1983లో బర్క్‌లీవారి 4.2 కూర్పుతో జరిగింది.

మా ఊరి సంగతితో చెబితే ఇది ఇంకా తేటపడుతుంది. మాది జైపూర్. పేరు వినగానే దూరప్రాంతపు మిత్రులు గులాబీరంగు కోటలను తలచుకొంటారు. అది రాజస్థాన్ జైపూర్. మాది బొగ్గు జైపూర్, పక్కనే ఇందారం గనులు, పెగడపల్లిలో 2016లో మొదలైన సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రం. పేరు ఒకటే, త్రోవ వేరు. యూనిక్స్‌లో కూడా ఒకే పేరు వేర్వేరు పట్టికలలో ఎన్నిసార్లయినా ఉండవచ్చు. మొదటి నుంచి నడిచివచ్చిన త్రోవే దాని పూర్తి చిరునామా.

2014 జూన్ 2కు ముందు మా త్రోవ: ఆంధ్రప్రదేశ్, ఆదిలాబాద్, జైపూర్. ఆ రోజున తెలంగాణ ఏర్పడింది. మరి జైపూర్ పట్టికలో ఏమి మారింది? యూనిక్స్ లెక్కలో ఏమీ మారలేదు. మా జంట చుక్కలు అప్పటికీ ఆదిలాబాద్‌నే చూపుతున్నాయి. మారినవి ఆదిలాబాద్ జంట చుక్కలు. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడ్డాక మాత్రం మా జంట చుక్కలే మారాయి. ఊరు కదలలేదు, ఇళ్లు కదలలేదు, సంఖ్య మారలేదు. పై పట్టికలో ఒకచోట పేరు కొట్టివేసి మరొకచోట రాశారు, మా పట్టికలో ఒక్క వరుస దిద్దారు. యూనిక్స్‌లో డైరెక్టరీని ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించినప్పుడు జరిగేది సరిగ్గా ఇంతే. ఎన్ని వేల ఫైళ్లున్నా క్షణంలో పని అయిపోవడానికి కారణం ఇదే.

ఈ జంట చుక్కల వల్లనే మరొక నియమం కూడా వచ్చింది. మామూలు ఫైలుకు నాలుగు పట్టికలలో నాలుగు పేర్లు పెట్టుకోవచ్చు, డైరెక్టరీకి మాత్రం సాధారణంగా ఆ స్వేచ్ఛ లేదు. రెండు తల్లులుంటే జంట చుక్కలు ఎవరిని చూపాలి? ఇక అన్నిటికంటె పైనున్న మూలానికి తల్లి ఎవరని అడిగితే, దాని జంట చుక్కలు దానినే చూపుతాయి. అక్కడినుంచి ఎన్నిసార్లు పైకి ఎక్కబోయినా అక్కడే ఉంటారు. వేదాంతులు దీనిమీద ఏమైనా చెప్పవచ్చు గాని, నేను ఆ జోలికి పోను.

కుతూహలం ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఎక్స్‌ట్4 వంటి పద్ధతిలో కొత్త ఖాళీ డైరెక్టరీ సృష్టించి దాని లంకెల సంఖ్య చూడండి. రెండు అని వస్తుంది. తల్లి పట్టికలోని పేరు ఒకటి, తనలోని ఒంటి చుక్క ఒకటి. దాని లోపల మరొక డైరెక్టరీ చేస్తే మూడవుతుంది, ఎందుకంటే ఆ బిడ్డ తాలూకు జంట చుక్కలు కూడా దీనినే చూపుతాయి. (బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి కొత్త పద్ధతులలో ఈ లెక్క కుదరదు.)

ఇప్పుడు కనబడని ఫైళ్ల పుట్టుక. ఇది యూనిక్స్ బృందంలోని రాబ్ పైక్ 2012లో స్వయంగా రాసిన కథ. పట్టికలో ఏమున్నదో చూపే కమాండు ఎల్‌ఎస్. ఒంటి చుక్క, జంట చుక్కలు పుట్టాక, ఎల్‌ఎస్ అన్న ప్రతిసారి ఈ రెండు పేర్లూ జాబితాలో ప్రత్యక్షమై విసిగించసాగాయి. వాటిని చూపకుండా ఉండేందుకు కెన్ థాంప్సన్ గాని డెనిస్ రిచీ గాని ఒక చిన్న పరీక్ష చేర్చారు. ‘పేరు ఒంటి చుక్కా? లేక జంట చుక్కలా?’ అని అడగవలసినచోట, ‘పేరులో మొదటి అక్షరం చుక్కా?’ అని మాత్రం అడిగారు. రాయడానికి అది కాస్త పొట్టి.

మన శాస్త్రపరిభాషలో దీనిని అతివ్యాప్తి దోషం అంటారు. లక్షణం లక్ష్యాన్ని దాటి అలక్ష్యంమీద కూడా పడటం. ‘కొమ్ములున్నది ఆవు’ అంటే గేదె కూడా ఆవు అయిపోతుంది. ఇక్కడ రెండు పేర్లను తప్పించబోయిన సూత్రం, చుక్కతో మొదలయ్యే సమస్త నామాలనూ తప్పించింది. సూత్రకారులకు లాఘవం మీద ప్రీతి ఎక్కువ. అయితే మన సూత్రకారులు లాఘవం కోసం అర్థాన్ని వదులుకోలేదు. అతివ్యాప్తి వస్తుందని తోచిన చోట వేరే సూత్రంతో నిషేధించారు. ఇక్కడ ఆ నిషేధసూత్రం రాయలేదు. పైగా ఇతరులు ఆ దోషాన్నే సదుపాయంగా వాడుకొన్నారు. ప్రోగ్రాములు రాసేవారు తమ అమరికల ఫైళ్లకు చుక్కతో పేర్లు పెట్టి, వాడుకరి ఇంటి డైరెక్టరీలోనే విడిచిపెట్టసాగారు. జాబితాలో కనబడవు గనుక ఎవరూ అడగలేదు. పైక్ ఈ పరిణామాన్ని మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకోను.

గమనించవలసినది, ఈ దాపరికం కెర్నెల్‌కు తెలియదు. డైరెక్టరీని చదవమంటే అది చుక్కపేర్లతో సహా అన్ని వరుసలనూ చదివి ఇస్తుంది. వాటిని వదిలివేసేది పైనున్న ఎల్‌ఎస్, షెల్‌లోని నక్షత్రపు గుర్తు, తెరమీది ఫైల్ మేనేజరు. అవి పాటించేది ఆచారం మాత్రమే. విండోస్‌లో దీనికి వేరే పద్ధతి ఉన్నది. అక్కడ కనబడకపోవడం అనేది ఫైలుకు తగిలించిన ఒక లక్షణం, పేరుతో సంబంధం లేదు.

కనబడకపోయినా వాటి పని ఆగదు. షెల్ తెరచిన ప్రతిసారీ చుక్క బ్యాష్‌ఆర్‌సి అనే ఫైలు మౌనంగా అమలవుతుంది. ప్రత్యయం లోపించినా ప్రత్యయకార్యం నిలుస్తుందనే వైయాకరణ నియమానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు కనబడలేదు. ఫోనులో ‘.నోమీడియా’ అనే ఖాళీ ఫైలు ఒక ఫోల్డరులో ఉంటే చాలు, అందులోని బొమ్మలు గ్యాలరీలో రావు. వాట్సాప్‌లో మనం చూసిన స్టేటస్‌లు ‘.స్టేటసెస్’ అనే చుక్క ఫోల్డరులో వచ్చి చేరుతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి, గ్యాలరీలో చెత్తబుట్టకు పంపిన ఫోటో చాలాసార్లు ఉన్నచోటనే ‘.ట్రాష్డ్’ అని మొదలయ్యే పేరుతో గడువు తీరేదాకా కూర్చొని ఉంటుంది. తీసివేశామనుకొన్నది చుక్క చాటున ఉన్నది, అంతే.

ఇంతవరకూ వినోదం. నన్ను ఈ టపాకు పురికొల్పిన సంగతి వినోదం కాదు.

మా ప్రాంతంలో ఒక మిత్రుడున్నారు. నాలాగే బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. ఆయన తండ్రి తట్టా-చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కార్మికుడు. గనివారి మాటలంటే ఈయనకు ప్రాణం. బాయి, మస్టర్, టబ్బు, ప్లేడే, బదిలీ ఫిల్లర్ వంటి అందరికీ తెలిసినవే కాక, యంత్రాలు వచ్చాక పని పోయి, పనితోబాటు పోతున్న మాటలను కూడా పట్టుకొని తన వ్యాసాలలో వాడేవారు. లిబ్రే ఆఫీసులో రాస్తుంటే అక్షరదోష పరీక్షకు ఆ మాటలు తెలియవు గదా, ప్రతి మాట కిందా ఎర్రని అలగీత వచ్చేది. ఆయన ప్రతి మాటనూ తానే ‘నిఘంటువుకు చేర్చు’ అని నొక్కుతూ పోయారు. కొన్నేళ్లలో అదే ఒక పదకోశం అయింది. వేరే కాగితం మీద రాయలేదు. చేర్చాము గనుక ఉన్నదని నమ్మకం.

ఆ మాటలు ఎక్కడ చేరాయి? ఇంటి డైరెక్టరీలో ‘.కాన్ఫిగ్’ అనే చుక్క డైరెక్టరీ, దానిలో లిబ్రే ఆఫీసు, దానిలో ‘4’ అనే పేరు, దానిలో యూజర్, దానిలో వర్డ్‌బుక్. ఆ అడుగున ఒక చిన్న ఫైలు. పాత యంత్రం మొరాయిస్తే కొత్తది కొన్నారు. పాతదానిలోని సమస్తాన్నీ కొత్తదానిలోకి ఎక్కించమని ఒక కుర్రవాడిని పిలిచారు. అతడు ఫైల్ మేనేజరు తెరచి, అన్నీ ఎంచుకొని, నకలు తీసి, పాత డిస్కును చెరిపి ఇచ్చాడు. ‘ఉన్నయన్నీ ఎక్కించిన సార్’ అన్నాడు. అతడు అబద్ధమాడలేదు. ‘అన్నీ ఎంచు’ అంటే కనబడేవన్నీ అని ఆ యంత్రం అర్థం చేసుకొన్నది. వ్యాసాలన్నీ వచ్చాయి. మాటల పట్టిక రాలేదు. మొదటి వ్యాసం తెరవగానే అలగీతలన్నీ తిరిగి మొలిచాయి. వాటిని చూసి ఆయనకు విషయం అర్థమైంది. కోశంలోని మాటలలో వ్యాసాలకెక్కినవి కొన్నే. మిగిలినవాటిని చెప్పిన వృద్ధులలో కొందరు ఇప్పుడు లేరు.

ఇందులో దోషం ఎవరిది? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కుర్రవాడిది కాదు, మిత్రుడిది అంతకన్నా కాదు. దోషం ఒక విభజన చేయకపోవడంలో ఉన్నది. కిటికీ ఎంత వెడల్పు ఉండాలి, రంగు ఏమిటి అనేవి యంత్రపు అమరికలు. పోతే మళ్లీ పెట్టుకొంటాం, అవి చుక్క మాటున ఉండనీయండి. మనిషి తన బుద్ధితో కూర్చినది, మాటల పట్టిక గాని, ఉత్తరాలు గాని, రచన. రచనను చుక్క వెనుక పెట్టే అధికారం ప్రోగ్రాముకు లేదు. థండర్‌బర్డ్‌లో దాచుకొన్న ఉత్తరాలు లినక్సులో చాలాకాలంగా చుక్క థండర్‌బర్డ్ డైరెక్టరీలోనే ఉంటున్నాయి. ఒకప్పుడు మనం ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకొన్న తెలుగు ఖతులను ‘.ఫాంట్స్’ అనే డైరెక్టరీలో పడవేసినవాళ్లమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రేమించేవాడిగానే ఈ మాట అంటున్నాను. మన భాషలోకి తెచ్చుకొన్న పరికరాలు మన మాటలను మన కంటికి కనబడేచోట పెట్టాలి.

‘దాచిన ఫైలు’ అనే అనువాదం కూడా ఈ అనర్థానికి తోడ్పడుతున్నదని నా ఫిర్యాదు. ‘దాచిన’ అనగానే మన చెవికి భద్రత వినిపిస్తుంది. డబ్బు దాచాను, నగలు దాచాను అంటాం. చుక్కపేరులో భద్రత ఏమీ లేదు. అనుమతులు ఎలా ఉంటే అలాగే అందరూ చదవవచ్చు. ఈ భ్రమతో సంకేతపదాలను చుక్క ఫైళ్లలో రాసి, వెబ్ సర్వరుమీద వదిలిపెట్టేవారున్నారు. చిరునామా తెలిసినవారికి సర్వరు వాటిని నిరభ్యంతరంగా అందిస్తుంది. అపాచీ సర్వరు మామూలు అమరికలో చుక్క హెచ్‌టీ అని మొదలయ్యే ఫైళ్లను బయటికి ఇవ్వవద్దని ప్రత్యేకంగా నిషేధం రాసి ఉండటమే, చుక్క తనంతట తాను ఎవరినీ కాపాడదనడానికి సాక్ష్యం.

జంట చుక్కల వల్ల కలిగే ఉపద్రవం మరొక రకం. చిరునామాలో వాటిని పదేపదే రాసి, మెట్టు మెట్టుగా పైకెక్కి, తమకు చెందని డైరెక్టరీలోకి దూరడం పాత దొంగవిద్య. 2021లో అపాచీ 2.4.49 కూర్పుకు ఇదే జరిగింది. చుక్కను చుక్కగా కాక శాతం గుర్తుతో సంకేతించి రాస్తే కావలివాడు పోల్చుకోలేకపోయాడు. వెంటనే విడుదలైన 2.4.50 దిద్దుబాటు చాలక, 2.4.51 తేవలసివచ్చింది. ఇంటిలోనూ ప్రమాదముంది. ‘చుక్కతో మొదలయ్యేవన్నీ’ అనే అర్థంలో చుక్క, నక్షత్రం రాస్తే పాత షెల్‌లలో జంట చుక్కలు కూడా అందులో పడి, చేసే పని పై డైరెక్టరీదాకా పాకుతుంది. తుడిచివేసే ఆర్‌ఎం కమాండు ఈ రెండు పేర్లనూ ముట్టనని మొరాయించడం నేర్చుకొన్నది ఇందుకే. బ్యాష్ అయితే 2022లో 5.2 కూర్పు నుంచి ఈ రెంటినీ నక్షత్రానికి చిక్కనీయడం లేదు. ఆనాడు రాయని నిషేధసూత్రం అరశతాబ్దం తరువాత ముక్కలు ముక్కలుగా వస్తున్నదన్నమాట.

తెలుగులో పేర్లు పెట్టేవారికి ఇంకొక అదర్శనం ఉన్నది, అది చుక్కకంటె సూక్ష్మం. ఫైలు పేరులో యూనిక్స్ ఒప్పుకోనివి రెండే: ఏటవాలు గీత (/), శూన్య బైటు. మిగిలినది ఏదైనా పేరే. 1992లో కెన్ థాంప్సన్, అదే రాబ్ పైక్ కూర్చిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొంటుంది. ఆ మూడింటిలో ఏదీ చుక్క గాని, ఏటవాలు గీత గాని కానే కాదు. అందువల్ల మన అక్షరాలు పట్టికను చెడగొట్టవు. అయితే ఎక్స్‌ట్4లో పేరుకు 255 బైట్ల హద్దు గనుక, మనకు 85 సంకేతాలే దక్కుతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి సంకేతాలేనని మరవకండి.

ఇప్పుడు ‘జైపూర్’ చూడండి. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. చూపుకు రెండూ ఒకటే. మొదటిదానికి 18 బైట్లు, రెండవదానికి 21. లినక్సులో ఈ రెండు పేర్లతో రెండు డైరెక్టరీలు పక్కపక్కనే ఉండగలవు, కంటికి కవలలు, యంత్రానికి పరాయివారు. ఆపిల్ వారి పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి పేర్లను విడదీసి దాచేది గనుక, అక్కడినుంచి లినక్సుకు వచ్చిన ఫైళ్లలో ఇది జరగవచ్చు. పొల్లు తరువాత మనం పెట్టే కనబడని విడదీత అక్షరం కూడా ఇటువంటిదే. ‘జైపూర్‌లో’ అన్నప్పుడు ల వత్తుగా మారకుండా అది ఆపుతుంది. పేరులో అది ఉంటే ఒక పేరు, లేకుంటే మరొక పేరు. చుక్క ఫైళ్లను చూపించే మీట అయినా ఉన్నది, వీటిని చూపించే మీట మామూలు ఫైల్ మేనేజర్లలో నేను చూడలేదు. బ్యాకప్‌ల పేర్లలో వీలైనంతవరకు పొల్లులను తప్పించడమే నేను పాటించే పద్ధతి.

‘దాచిన ఫైలు’కు బదులు ఏమనాలి? ‘లుప్త దస్త్రం’ అనాలని నాలోని పండితుడికి ఉబలాటం. కాని వాడుకలో నిలిచేది ‘చుక్క ఫైలు’. వినగానే పేరులో ఏమి చూడాలో తెలుస్తుంది, లేని భద్రతను వాగ్దానం చేయదు. పిల్లలకైనా పెద్దలకైనా సంగణకం నేర్పేవారు మొదటి పాఠంలోనే ఎల్‌ఎస్‌తోబాటు హైఫన్ ఏ చేర్చి చూపించాలి. తెరమీద మౌసుతో పనిచేసేవారికి గ్నోమ్ ఫైల్ మేనేజరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కడం నేర్పాలి. ‘గందరగోళపడతారు’ అని కొందరంటారు. పడనీయండి. అరసున్న చూసి గందరగోళపడే పిల్లలకు కూడా మేము దానిని నేర్పాము.

యంత్రం మార్చబోయే మిత్రులకు ఒక కిటుకు. ఇంటి డైరెక్టరీని నకలు తీసేటప్పుడు నక్షత్రం వాడకండి, అది చుక్క ఫైళ్లను దాటవేస్తుంది. పాత డైరెక్టరీ పేరు రాసి, ఏటవాలు గీత పెట్టి, చివర ఒంటి చుక్క పెట్టండి. అంటే సీపీ, హైఫన్ ఏ, ‘పాతయిల్లు/.’, ‘కొత్తయిల్లు/’ అన్న వరుస. ‘ఆ పట్టికనే, అందులోని సమస్తంతో’ అని దాని అర్థం. ఆ తరువాత రెండుచోట్లా హైఫన్ ఏతో ఎల్‌ఎస్ ఇచ్చి వరుసలు లెక్కపెట్టి, అప్పుడు మాత్రమే పాత డిస్కును చెరపనీయండి. లిబ్రే ఆఫీసు వాడేవారు వర్డ్‌బుక్‌లోని ఫైలును ఈ రాత్రే తీసి, మీ రచనల పక్కన, చుక్కలేని పేరుతో ఒక ప్రతి ఉంచుకోండి. మా మిత్రుడు మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి మామూలు పాఠ్య ఫైలులో, వరుసకొక మాట చొప్పున. మొన్న చూసేసరికి నాలుగు పుటలైంది.